కరాచమకు సలాం

"బాబయ్యా, ఇవాళ డేగిసా పొయ్యెక్కించొద్దు," అన్నాడు మీరావలి.

గురువు ఉద్దండు సాహెబ్ దర్గా మెట్ల మీద కూర్చుని కట్టెలు వేరు చేస్తున్నాడు. సన్నవి ఒక పక్క, లావువి ఒక పక్క. తలెత్తలేదు.

"ఎందుకని?"

"చేప పడలేదు."

కృష్ణ వెనకనీళ్ళ ఒడ్డున, ఊరికి దూరంగా, చిన్న దిబ్బ మీద ఉంది ఆ దర్గా. ప్రతి బేస్తవారం మధ్యాహ్నం అక్కడ అన్నం పెడతారు. మొక్కులున్నవాళ్ళు వస్తారు, మొక్కుల్లేక ఆకలి ఒక్కటే ఉన్నవాళ్ళూ వస్తారు. ఎవరినీ ఏమీ అడగరు. అన్నం, చేపల పులుసు, అంతే. బియ్యం ఎవరో ఒకరు తెచ్చి దింపి పోతారు. చేప మాత్రం దర్గా శిష్యుడే నీళ్ళలోంచి తేవాలి. కొన్న చేప పనికిరాదు. ఉద్దండు సాహెబ్ గురువు నాటి నుంచీ అదే పద్ధతి. ఆ డేగిసా ఒక్క బేస్తవారం కూడా చల్లగా ఉండలేదని చెబుతారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. చేపను పట్టినవాడే దాన్ని పొయ్యి దగ్గరకు తెచ్చి, రెండు చేతుల్లో పట్టుకుని, పేరు పెట్టి పిలిచి చెప్పాలి. "శీలావతీ, నీ ప్రాణం మా ఆకలికి. సలాం." చుట్టూ ఉన్నవాళ్ళు "సలాం" అంటారు. ఆ తర్వాతే కత్తి. పేరు పలకని చేప ఆ డేగిసాలో పడదు.

మీరావలికి ఇరవై మూడేళ్ళు. ఎవరూ పిలవకుండానే వచ్చాడు, ఎవరూ చెప్పకుండానే పనిలో దిగాడు. లెక్కల్లో చురుకు. తలకు రెండు ముక్కలు, కిలోకి పది ముక్కలు, ఎనభై మందికి పదహారు కిలోలు అని వల భుజాన వేసుకోకముందే చెప్పేసేవాడు. చెప్పినట్టే తెచ్చేవాడు. ఆ ఊపులోనే ఒకసారి గురువుతో అన్నాడు, "డేగిసా చల్లబడిన రోజున నేనిక్కడ ఉండను బాబయ్యా. ఇంకొకణ్ణి చూసుకోండి."

అప్పుడు ఉద్దండు సాహెబ్ నవ్వాడు.

ఆ తర్వాత నీళ్ళలోకి ఆ నల్ల చేప వచ్చింది.

మూరెడు పొడవు. పొలుసు లేదు. పొలుసుకు బదులు తలనుంచి తోకదాకా గట్టి పలకలు, పెంకులు పరిచినట్టు. వీపు మీద తెరచాపలాంటి పెద్ద రెక్క. నోరేమో ముందు కాదు, కిందుంది. బోర్లించిన గిన్నెలా. రెక్కల ముళ్ళు వలలో ఇరుక్కుంటే వల చింపడమే తప్ప చేప ఊడి రాదు. పుట్టి పడవలవాళ్ళందరూ దాన్ని దెయ్యం చేప అన్నారు. మొదట వారానికొకటి పడేది. ఈ వేసవికి వలలో మిగతా చేప తగ్గి ఇదే మిగిలింది.

మీరావలి చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. నెలరోజులు ఆ చేప వెంట పడ్డాడు. ఎరకు రాదని తెలుసుకున్నాడు. రాళ్ళ మీద పాచి నాకి బతికే నోటికి గాలంతో పనేముంది? పగలు గట్టు బొరియల్లో దాక్కుంటుంది, పొద్దు వాలేవేళ రాళ్ళ మీదికి వస్తుంది. ఆ రాళ్ళ మీదికి విసురువల వేసి పట్టాడు. బొరియల్లోకి చేయి పెట్టి పట్టాడు. రెండు అరచేతులూ చీరుకుపోయాయి. పట్టిన ప్రతిదాన్నీ ఒడ్డున కుప్ప పోశాడు. నీళ్ళు లేకపోయినా పూటంతా ఊపిరి తీసే మొండి ప్రాణి అది. ఎండలో మెల్లగా చచ్చేది. కుప్ప పెరిగేకొద్దీ మీరావలికి ధైర్యం పెరిగింది. నాలుగొందలు దాటాక వచ్చేపోయేవాళ్ళకు చూపించడం కూడా మొదలుపెట్టాడు.

ఇవాళ పొద్దున మూడు చోట్ల వల వేశాడు. యాభైకి పైగా పడ్డాయి. అన్నీ అవే. తీసుకెళ్ళి కుప్ప మీద పోసి, చేతులు కడుక్కుని, గురువు దగ్గరకు వచ్చాడు.

"చేప పడలేదా?" అన్నాడు ఉద్దండు సాహెబ్. "మరి ఒడ్డున ఆ టపటపలేంటి?"

"అది చేప కాదు బాబయ్యా, దెయ్యం."

అప్పుడే గంగులమ్మ పసుపు, ఉప్పు, చింతపండు మూట నెత్తిన పెట్టుకుని దిబ్బ ఎక్కింది. పుట్టి వేసుకుని చేపలు పట్టే మనిషి. బేస్తవారం పులుసు కలిపే చేయి ఆమెదే.

"దెయ్యమని ఊరికే అన్లేదు బాబయ్యా," అంది మూట దించుతూ. "నా వల చూస్తే పెళ్ళిపందిట్లో పిల్లలు చింపిన కాగితాల్లా ఉంది. మీ శిష్యుడైతే దాని జాతకమే రాశాడు. ఒరే మీరా, చెప్పరా అయ్యగారికి."

మీరావలి ముఖంలో కాస్త వెలుగొచ్చింది. చెప్పాడు. ఇది మన నీళ్ళది కాదు. దక్షిణ అమెరికా నదులది. మన జెల్లకీ వాలుగకీ దూరపు చుట్టం. గాజుతొట్టెల్లో పాచి తింటుందని తెచ్చుకున్నవాళ్ళు, పెద్దదయ్యాక కాలవల్లో వదిలేశారు. వీపు రెక్కలో ముందు ముల్లు, దాని వెనక ఈనెలు లెక్కపెట్టాలి. దీనికి పన్నెండు. ఇలాగే ఉండే ఇంకో రకానికి ఏడే. తర్వాత వెల్లకిలా తిప్పి పొట్ట చూడాలి. విడివిడి చుక్కలుంటే ఒక జాతి, చుక్కలు కలిసిపోయి మెలికలు తిరిగితే ఇంకో జాతి. ఇక్కడివి మెలికలవి.

ఉద్దండు సాహెబ్ కట్టెలు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"బాగా చూశావు," అన్నాడు. "దాని పేరేంటి?"

"దెయ్యం చేప."

"అది మనం తిట్టిన తిట్టు. పేరేంటి?"

మీరావలి శాస్త్రంలో దానికున్న పేరు చెప్పాడు. పొడుగ్గా ఉంది. గంగులమ్మ నోరు తిప్పి చూసి మానుకుంది.

"అది కొలిచినవాళ్ళు పెట్టింది," అన్నాడు గురువు. "తిన్నవాళ్ళు ఏమంటారు?"

ఆ సంగతి వెతకాలని మీరావలికి తోచనే లేదు.

"వాళ్ళ నీళ్ళలో వాళ్ళూ వల వేస్తారు కదా. వాళ్ళకూ ఆకలేస్తుంది కదా. కనుక్కుని రా."

దిబ్బ మీద జెండా కర్ర దగ్గర ఒక్కచోటే ఫోనుకు సిగ్నలు అందుతుంది. మీరావలి అక్కడికెళ్ళి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. దిగేటప్పుడు ఎక్కినంత వేగంగా దిగలేదు.

"కరాచమ అంటారట బాబయ్యా. పెరూ దేశంలో, అమెజాన్ ఒడ్డున."

"కరాచమ్మా?" గంగులమ్మ చింతపండు పిసికే చేయి ఆపింది. "మా మేనత్త పేరులా ఉందే! ఆవిడా ఇంతే. ఒంటినిండా ముళ్ళు."

"ఏం చేస్తారు దాన్ని?" అడిగాడు గురువు.

"నిప్పుల మీద పెట్టి కాలుస్తారట. అలాగే, పెంకుతోనే. ఒళ్ళు నీరసించినవాళ్ళకు దాని చారు కాచి పోస్తారట." మీరావలి గొంతు తగ్గింది. "అక్కడ దాన్ని ఇష్టంగా తింటారు."

"అయితే ఇంకేం? పేరు దొరికింది. తీసుకురా. సలాం చెప్పు. డేగిసా పెడదాం."

మీరావలి కదల్లేదు.

దిబ్బ కింద దారిలో అప్పటికే మనుషులు కనిపిస్తున్నారు. ఒక ముసలావిడ, చంకలో బిడ్డతో ఒక పిల్లతల్లి, సైకిలు నడిపించుకుంటూ ఒకాయన. ఎండెక్కేలోగా చేరాలని తొందరగా నడుస్తున్నారు.

"నా వల్ల కాదు బాబయ్యా," అన్నాడు.

"పేరుకు నోరు తిరగలేదా?"

"పేరుకు తిరుగుతుంది. సలామే రాదు." అరచేతులు చాపి చూపించాడు. "మూడు వలలు పోయాయి. గట్లకు బొరియలు పెట్టాయి. శీలావతి లేదు, బొచ్చె లేదు. దానికి సలాం ఎలా చెప్పను? పైపైన చెప్పమంటే చెప్తాను."

"పైపైన వద్దు."

"పోనీ మీరు చెప్పండి."

"పట్టింది నువ్వు."

"అయితే ఇవాళ డేగిసా చల్లగానే ఉంటుంది. అన్న మాట ప్రకారం నేను వెళ్ళిపోతా."

ఉద్దండు సాహెబ్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. ఎడమ మోకాలు సహకరించదు ఆయనకు. ఒక్కో మెట్టూ దిగి, ఒడ్డుకు నడిచి, కుప్ప పక్కన చతికిలబడ్డాడు.

కుప్పలో అడుగున ఉన్నవి ఎండి చెక్కలైపోయాయి. పైన ఇవాళ్టివి ఇంకా తోకలు ఆడిస్తున్నాయి. గురువు వాటిని పక్కకు జరిపి, ఎండిపోయిన చేప ఒకటి తీశాడు. రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"కరాచమా, నీ ప్రాణం ఎవరి ఆకలికీ అందలేదు. సలాం."

దాన్ని పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు.

"కరాచమా, నీ ప్రాణం ఎవరి ఆకలికీ అందలేదు. సలాం."

తనకు బుద్ధి చెప్పడానికి ఒకటో రెండో చేసి ఆపుతాడనుకున్నాడు మీరావలి. ఆయన ఆపలేదు. ఒకటి పెట్టాడు, ఒకటి తీశాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఎదురుగా ఎవరున్నారో లేరో చూడలేదు. చేతిలో ఉన్నదానితోనే మాట్లాడుతున్నాడు.

మీరావలి దగ్గరకెళ్ళాడు. "బాబయ్యా, ఎండ. మీ మోకాలు. ఇవి నాలుగొందల పైచిలుకున్నాయి."

"లెక్క నీ దగ్గరుందిగా," అన్నాడు గురువు. "మంచిదే అయింది. నాకు తప్పిపోతోంది. ఎక్కడున్నానో చెబుతూ ఉండు."

మీరావలి ఎదురుగా కూర్చున్నాడు.

"కరాచమా, నీ ప్రాణం ఎవరి ఆకలికీ అందలేదు. సలాం."

"పదిహేడు," అన్నాడు మీరావలి.

"కరాచమా, నీ ప్రాణం ఎవరి ఆకలికీ అందలేదు. సలాం."

"పద్దెనిమిది."

కాసేపటికి ఎండిన చేపల్ని తానే తీసి గురువు చేతికి అందించసాగాడు, ఆయన వంగనక్కర్లేకుండా. పెద్దవి వచ్చాయి. జానెడువి వచ్చాయి. బెత్తెడు పిల్లలు కూడా వచ్చాయి. ఇంత చిన్నవి కూడా పట్టాడా? పట్టాడు. లెక్క పెరుగుతుందని పట్టాడు. లెక్క చెబుతూనే ఉన్నాడు, కానీ ఒక్కో అంకె నోట్లోంచి రావడానికి ఇందాకటికన్నా ఎక్కువసేపు పడుతోంది.

పక్కకు జరిపిన వాటిలోంచి ఒకటి జారి అతని ఒళ్ళో పడింది. ఇవాళ్టిది. తీసి పక్కన పెడదామని చేతిలోకి తీసుకున్నాడు. దాని నోరు అతని అరచేతిని వెతుక్కుని, చీరుకుపోయిన చోటనే, మెత్తగా అంటుకుంది. రాయి అనుకుందో ఏమో. పీల్చి పట్టుకుని కదలకుండా ఉండిపోయింది. పలకల కింద దాని ఊపిరి అతని వేళ్ళకు తెలుస్తోంది.

గురువు తన చేతిలోదాన్ని కింద పెట్టాడు. అంకె కోసం ఆగాడు.

అంకె రాలేదు.

"సలాం," అన్నాడు మీరావలి.

గురువు తర్వాతది తీశాడు. ఆ తర్వాత ఆయన చెప్పినప్పుడల్లా మీరావలి సలామే అన్నాడు. కొంతసేపటికి వెనకనుంచి ఇంకో గొంతు కలిసింది, గంగులమ్మది. తర్వాత సైకిలాయనది. దిబ్బ ఎక్కాల్సినవాళ్ళు ఎక్కకుండా ఒడ్డునే నిలబడిపోయారు. ఎందుకో ఎవరూ అడగలేదు. ఒక ముసలి ఫకీరు సలాం అంటుంటే తామూ అన్నారు.

ఎండినవి అయిపోయాయి. ఇక బతికున్నవే మిగిలాయి.

మీరావలి లేచాడు. చేతికి అంటుకున్నదాన్ని అలాగే పట్టుకుని పొయ్యి దగ్గరకు నడిచాడు. రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"కరాచమా." అని పిలిచాడు. "నువ్వు రాకపోతే ఇవాళ వీళ్ళకు ఏమీ లేదు. నీ ప్రాణం మా ఆకలికి. సలాం."

నువ్వు రాకపోతే అన్న మాట పద్ధతిలో లేనిది. ఎవరూ దిద్దలేదు.

"సలాం," అన్నారు అందరూ.

మిగతావాటికీ ఒక్కొక్కటిగా సలాం చెప్పాక పని పరుగెత్తింది. వీపు పెంకుకు కత్తి దిగదని తెలిసి వెల్లకిలా తిప్పి, మెత్తటి పొట్ట దగ్గర కోసి శుభ్రం చేశాడు. ముళ్ళకు గుడ్డ చుట్టి పట్టుకోవడం సైకిలాయనకు నేర్పాడు. గంగులమ్మ ఉప్పు, పసుపు, కారం పొట్టలోకి దట్టించింది. నిప్పులు పరిచి, పెంకు కిందకు వచ్చేలా వరసగా పేర్చారు. ముందే వేరు చేసిన తలలు డేగిసాలో వేసి చింతపండు పులుసు పోశారు. కాసేపటికి పెంకులు మాడిన వాసన పోయి, లోపలి వాసన వచ్చింది. పిల్లతల్లి చంకలో బిడ్డ అటు తిరిగి చూసింది.

"చూస్తే కుండలో కాల్చినట్టే ఉంది," అంది గంగులమ్మ. "కుండ కూడా తనే తెచ్చుకుంది, పిచ్చి ముండ."

అయినా ఆకు ముందు కూర్చున్నవాళ్ళు చేయి పెట్టడానికి వెనకాడారు. ఎవరూ ఎప్పుడూ తినని చేప.

"ముసలాణ్ణి, ముందు నేను తింటా," అన్నాడు ఉద్దండు సాహెబ్.

"తినండి బాబయ్యా. మీకేమన్నా అయితే మీ పేరున ఇంకో ఉరుసు చేసుకుంటాం," అంది గంగులమ్మ.

అందరూ నవ్వారు. అందరికన్నా ముందు ఆయనే నవ్వాడు. కాలిన పెంకును బొటనవేలితో ఎత్తితే మూతలా లేచింది. లోపల మాంసం పచ్చటి చాయతో, పొరలు పొరలుగా ఉంది. చిటికెడు తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు.

ఆ మాటతో చేతులన్నీ కదిలాయి.

ముసలావిడ పులుసు రెండోసారి పోయించుకుంది. పోస్తున్న మీరావలి చెయ్యి పట్టుకుని అడిగింది. "ఏ చేప నాయనా ఇది? నెల నుంచి జ్వరం. ఇవాళ్టికి నోటికి రుచి తెలిసింది."

"కరాచమ అవ్వా. చాలా దూరం నుంచి వచ్చింది."

"మా కోసమే వచ్చిందేమో తల్లి," అంది ముసలావిడ. ఆకు మీద మిగిలిన పులుసును వేళ్ళతో తుడిచి నాకింది.

ఆ పూట ఎంతమంది తిన్నారో మీరావలి లెక్కపెట్టలేదు. అందరి తర్వాత తానూ తిన్నాడు. మాంసం తక్కువ, ముళ్ళు ఎక్కువ. ఒక్కో ముక్కా వెతుక్కుని తినాలి. వెతుక్కుని తిన్నాడు.

పొద్దు వాలేముందు జనం వెళ్ళిపోయారు. గంగులమ్మ చిరిగిన వలను ఒళ్ళో పరుచుకుని కుట్టుకుంటోంది. మీరావలి డేగిసాను నీళ్ళ దగ్గరకు దొర్లించుకెళ్ళి బూడిదతో తోముతున్నాడు. ఉద్దండు సాహెబ్ అరుగు రాయి మీద కూర్చుని, నొప్పెట్టిన కాలిని నీళ్ళలోకి చాపుకున్నాడు. మీరావలి తోమడం ఆపి, ఆ మోకాలి మీద కాసిని నీళ్ళు పోశాడు. తడిచేత్తో రుద్దాడు.

"బాబయ్యా," అన్నాడు.

"చెప్పు."

"ఈ చేపను వదిలేస్తే నీళ్ళన్నీ అదే నిండిపోతుంది. మన చేప బతకదు. కుప్ప పోయడం ఇక నా వల్ల కాదు. మరి రేపట్నుంచి రోజుకు ఎన్ని పట్టాలి?"

గురువు నీళ్ళ వైపు చూశాడు. రాళ్ళ మీద పాచి దగ్గర నల్లటి నీడలు అప్పుడప్పుడే పైకి వస్తున్నాయి.

"ఎన్నిటికి సలాం చెప్పగలవో," అన్నాడు, "అన్ని."